సగంలో తెగిన ఫైల్ సంగతి రాయి: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి,

నీ వ్యాసం అందింది. డేటాబేస్‌లో దాచిన పెద్ద పెద్ద ఫైళ్లను బ్రౌజర్‌కు స్ట్రీమ్ చేయడం (మొత్తం పోగేయకుండా చదివినకొద్దీ పంపడం) గురించి తెలుగులో రాయబూనడమే గొప్ప సంగతి. వాక్యం కూడా శుభ్రంగా ఉంది. పొగడ్త ఇంతటితో సరి. ఎందుకంటే చివరి పేజీలో ఒక మాట చదివి నాకు ఒళ్లు మండింది: "ఏదైనా లోపం వస్తే పట్టుకుని లాగ్‌లో రాసుకుంటే సరిపోతుంది."

సరిపోదు. అసలు వ్యాసం మొదలవ్వాల్సిందే అక్కడ.

నీ కోడ్ ఏం చేస్తోందో చూడు. మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఫైల్ బైట్లను దాచే వార్‌బైనరీ మ్యాక్స్ కాలమ్‌ను ముక్కముక్కలుగా చదివి పంపుతోంది. స్ట్రీమింగే కదా అని నువ్వు మొత్తం పొడవు ముందే చెప్పే కంటెంట్-లెంగ్త్ హెడర్ పెట్టలేదు. అప్పుడు బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే హెచ్‌టీటీపీ 1.1లో జవాబు చంక్డ్ పద్ధతిలో వెళ్తుంది. అంటే ప్రతి ముక్కకు ముందు దాని పొడవు, అన్నీ అయ్యాక సున్నా పొడవుతో ఒక ముక్క. ఆ సున్నా చేరితే ఫైల్ పూర్తయిందని బ్రౌజర్ నమ్ముతుంది. 300 ఎంబీ వీడియోలో 120 ఎంబీ వెళ్లాక డేటాబేస్ కనెక్షన్ తెగిందనుకో. అంతా సవ్యమేనని చెప్పే 200 అన్న స్టేటస్ ఎప్పుడో గడప దాటింది, ఇప్పుడు వెనక్కి తీసుకుని సర్వర్ లోపమని చెప్పే 500 అనలేవు. నీ క్యాచ్ బ్లాక్ లోపాన్ని పట్టుకుంది, లాగ్‌లో రాసింది, ఫంక్షన్ మర్యాదగా ముగిసింది. ఫ్రేమ్‌వర్క్‌కు ఏం తెలుసు? పని సజావుగా అయిందనుకుని ఆ సున్నా ముక్కను పంపేస్తుంది. అవతలివాడి చేతిలో సగం వీడియో, పక్కన "డౌన్‌లోడ్ పూర్తయింది" అన్న సందేశం. లోపం వచ్చిందని తెలిస్తే మళ్లీ ప్రయత్నించేవాడు. ఇక్కడ తెలియనివ్వలేదు నువ్వు.

చేయాల్సింది కష్టమేమీ కాదు. లోపాన్ని మింగకుండా కనెక్షన్‌ను అబార్ట్ చేయాలి, అంటే అర్ధాంతరంగా తెంచేయాలి. సున్నా ముక్క రాకుండానే తెగింది కాబట్టి క్లయింట్‌కు విషయం అర్థమవుతుంది. హెచ్‌టీటీపీ 2లో ఈ చంక్డ్ పద్ధతి లేకపోయినా పేచీ అదే, స్ట్రీమ్‌ను రీసెట్ చేయాల్సిందే. ఇంకా మంచిది, పొడవు ముందే చెప్పేయడం. డేటాలెంగ్త్ ఫంక్షన్‌తో అదే క్వెరీలో సైజు తెచ్చుకోవచ్చు. కానీ సెలెక్ట్‌లో దాన్ని ఫైల్ కాలమ్‌కు ముందు పెట్టు. నువ్వు సీక్వెన్షియల్ యాక్సెస్ (వరుసను కొంచెం కొంచెంగా చదివే పద్ధతి) వాడమన్నావు, అది లేకపోతే క్వెరీ ఫలితాన్ని చదివే రీడర్ వరుస మొత్తాన్ని మెమరీలోకి లాగుతుందని కూడా చెప్పావు, బాగుంది. అయితే దానితో చదివేటప్పుడు కాలమ్‌లు వరుసక్రమంలోనే దొరుకుతాయి, దాటిపోయినదాన్ని మళ్లీ అడగలేవు. ఆ సంగతి రాయలేదు. పాఠకుడు ఫైల్ పేరును చివర్లో చదవబోయి దెబ్బతింటాడు.

ఒక్కో ముక్కను చదివి ఉంచుకునే బఫర్ "81,920 బైట్లు ఉంచండి" అన్నావు. ఎందుకు? నీ కోడ్ నడిచే డాట్‌నెట్‌లో 85,000 బైట్లు, ఆపైన ఉన్న వస్తువులన్నీ లార్జ్ ఆబ్జెక్ట్ హీప్‌లోకి, అంటే ఊడ్చి ఖాళీ చేయడం ఖరీదైన విడి మెమరీలోకి పోతాయి. ఆ గీత దాటకుండా 4,096 గుణిజాల్లో పెద్దది ఎంచుకుంటే అదే అంకె వస్తుంది. కారణం చెప్పని అంకెను పాఠకుడు తాయెత్తులా కట్టుకు తిరుగుతాడు.

నీదొక్కడిదే తప్పని అనను. ఈ జబ్బును పెంచింది సంపాదకులు. నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒకాయన ఉండేవాడు. డౌన్‌లోడ్ మధ్యలో తెగితే ఏమవుతుందన్న నా భాగాన్ని మొత్తం కొట్టేసి, "పాఠకుడు భయపడతాడు" అని మార్జిన్‌లో రాశాడు. పైన శీర్షిక మాత్రం "పది లైన్లలో స్ట్రీమింగ్" అని తగిలించాడు. తర్వాత వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఆ కొట్టేసిన భాగం గురించే. ఆయన వాటిని నాకు చూపించి, "చూశావా, ఎంత స్పందనో!" అన్నాడు. ఇప్పటికీ అంతే, అన్నీ సాఫీగా నడిచే నమూనా కోడ్‌కే గిరాకీ.

ఇంకో పెద్ద లోటు, నీ వ్యాసంలో క్లయింట్ ఎప్పుడూ వేగంగా చదువుతాడు. నేను పనిచేసిన ఒక చోట మధ్యాహ్నం అయ్యేసరికి లాగిన్ పేజీ కూడా తెరుచుకునేది కాదు. అందరూ డేటాబేస్‌ను తిట్టారు, ఖరీదైన సర్వర్ కొన్నారు, మళ్లీ అదే తంతు. డేటాబేస్ మాత్రం దాదాపు ఖాళీగా కూర్చునుంది. చివరికి తేలిందేమిటంటే, బలహీనమైన నెట్‌వర్క్‌ల మీద పెద్ద స్కాన్‌లు దింపుకునేవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో డేటాబేస్ కనెక్షన్‌ను పట్టుకుని ఉన్నారు. డేటాబేస్ బిందెతో పోస్తుంటే అవతలివాడు ఉగ్గుగిన్నెతో తాగుతున్నాడు. అతను తాగేదాకా బిందె ఎత్తిపట్టుకునే ఉండాలి. కనెక్షన్లను తెరిచి ఉంచి మళ్లీ మళ్లీ వాడుకునే ఎస్‌క్యూఎల్ క్లయింట్ పూల్‌లో డిఫాల్ట్ గరిష్ఠం 100 కనెక్షన్లు. 101వ వాడు 15 సెకన్లు ఎదురుచూసి లోపంతో వెనుదిరుగుతాడు, అతనికి కావలసింది ఒక్క చిన్న వరుసే అయినా సరే.

దీనికి విరుగుడు రాయి. ఫైల్‌ను ముందు సర్వర్‌లోని తాత్కాలిక ఫైల్‌లోకి గబగబా దించి, కనెక్షన్ వదిలేసి, అక్కడినుంచి నింపాదిగా పంపొచ్చు. నీ సర్వర్‌కు ముందు ఎన్‌జిన్ఎక్స్ అనే మధ్యవర్తి సర్వర్ ఉంటే డిఫాల్ట్ బఫరింగ్‌తో 1 జీబీ దాకా తాత్కాలిక ఫైల్ అదే పెట్టుకుంటుంది. లేదా సబ్‌స్ట్రింగ్‌తో ఒక్కో ముక్కకు ఒక్కో చిన్న క్వెరీ వేసి, మధ్యలో కనెక్షన్‌ను పూల్‌కు తిరిగి ఇచ్చేయొచ్చు. అప్పుడు మధ్యలో ఎవరైనా ఫైల్ మార్చేస్తే పాత తల, కొత్త తోక అతుక్కుంటాయి. కాబట్టి ప్రతిసారీ రోవెర్షన్ (వరుస మారినప్పుడల్లా మారే సంఖ్య) సరిచూడాలి. అదే రోవెర్షన్‌ను ఈట్యాగ్‌గా, అంటే ఫైల్ కూర్పును గుర్తుపట్టే ముద్రగా పంపితే, ఫైల్‌లో కొంతభాగమే అడిగే రేంజ్ అభ్యర్థనలకూ పనికొస్తుంది: క్లయింట్ ఇఫ్-రేంజ్‌తో అడుగుతాడు, ఫైల్ మారకపోతే 206తో మిగతా భాగం, మారితే 200తో మొదటినుంచి. తెగిన డౌన్‌లోడ్‌ను కొనసాగించడమంటే ఇదే. నువ్వు దీనికి ఒక్క వాక్యం కేటాయించావు, నదీప్రవాహం పోలికకు మాత్రం పేరా పైగా. ఆ నదిని తీసేయి.

"ఫైళ్లను డేటాబేస్‌లో పెట్టకూడదంటారు కదా" అని భయపడుతూ అడిగావు. ఆ నినాదం వినీ వినీ విసుగొచ్చింది. 2006లో డేటాబేస్ శాస్త్రవేత్త జిమ్ గ్రే, మరో ఇద్దరు మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో కొలిచి చూశారు. 256 కేబీ లోపువి డేటాబేస్‌లో, 1 ఎంబీ దాటినవి ఫైల్ సిస్టమ్‌లో మెరుగని తేలింది. అది ఎస్‌క్యూఎల్ సర్వర్ 2005, విండోస్ ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ మీద చేసిన కొలత. అంకెలు మోసుకొచ్చేవాళ్లు ఆ ముక్క వదిలేస్తారు. పెద్ద ఫైల్ అయినా ట్రాన్సాక్షన్, బ్యాకప్, అనుమతులు ఒకేచోట ఉండాలనుకునేవాడికి డేటాబేస్‌లో పెట్టుకోవడానికి కారణం ఉంది. అతనికోసమే నువ్వు రాస్తున్నది.

కలం పేరు గురించి నన్నడక్కు. ఏ పత్రికకు పంపాలన్నది తర్వాత చూద్దాం.

ముందు ఈ పని చెయ్యి. ఒక పెద్ద ఫైల్ దిగుతుండగా ఆ డేటాబేస్ సెషన్‌ను కిల్ కమాండ్‌తో చంపు. ఇప్పుడున్న కోడ్‌తో ఒకసారి, అబార్ట్ పెట్టాక ఒకసారి. కమాండ్ లైన్‌లో ఫైళ్లు దించే కర్ల్‌తోనూ చూడు: మొదటిసారి ఏమీ అనదు, రెండోసారి హెచ్‌టీటీపీ 1.1లో సాధారణంగా 18వ నంబర్ లోపంతో ఆగుతుంది. బ్రౌజర్‌లో ఏం కనిపించిందో, నీ సర్వర్ లాగ్‌లో ఏం పడిందో ఉన్నదున్నట్టు రాసి, అదే మొదటి పేరాగా పెట్టి పంపు. చదువుతాను.

ఆశీస్సులతో.