యాక్షన్ ఆర్‌పీజీల్లో ఫైట్లు అదిరినా మాటలు ఎందుకు తేలిపోతాయి?

యాక్షన్ ఆర్‌పీజీలంటే మనమే ఒక పాత్రగా మారి పోరాడుతూ, మాట్లాడుతూ కథ నడిపే వీడియో గేములు. వాటిలో మాటలు తేలిపోవడానికి అసలు కారణం ఖర్చు. మీరు ఎంచుకునే ప్రతి జవాబుకూ ఎదుటి పాత్ర వేరే బదులివ్వాలి. అదంతా రాయాలి, డబ్బింగ్ చెప్పించాలి, ముఖకవళికలతో కలపాలి. అందుకే చాలా గేములు నాలుగు దారులు చూపించి, రెండు మాటల్లో మళ్లీ ఒకే దారికి తెచ్చేస్తాయి. 2015 నాటి ఫాలౌట్ 4లో హీరోకి కూడా గొంతు పెట్టారు. ప్రతిసారీ నాలుగే ఆప్షన్లు, అవీ పొడి ముక్కలు. 'వ్యంగ్యం' నొక్కితే మనోడు ఏమంటాడో అన్నాకే తెలుస్తుంది! పూర్తి వాక్యం చూపించే మోడ్‌ను (గేమ్‌కు బయటివాళ్లు చేసే మార్పును) చివరికి అభిమానులే చేసుకున్నారు.

అదే ఏడాది వచ్చిన విచర్ 3లో బ్లడీ బారన్ అనే పాత్ర కథ చూడండి (ఆడనివాళ్లు ఈ పేరా వదిలేయండి). భార్యా కూతురూ కనిపించట్లేదు, వెతికిపెట్టమంటాడు. తాగి భార్యను కొట్టేవాడినని మాత్రం చెప్పడు. ఇల్లంతా గాలించి నిలదీస్తే కొంచెం కొంచెంగా బయటపెడతాడు. కోపం, జాలి రెండూ వస్తాయి.

మన విజయవాడ బీసెంట్ రోడ్డులో చొక్కా బేరమాడితే కొట్టాయన వంశచరిత్ర చెప్పడు. "మీరు కాబట్టి ఇస్తున్నానండీ, బోణీ బేరం" అంటాడు. మనిషి ఆ ముక్కలోనే దొరికిపోతాడు. చాలా గేముల్లో పాత్రలు ఆ వంశచరిత్రే అప్పజెబుతాయి.

డార్క్ సోల్స్ (2011) మాటలు బాగా తగ్గించి, కథను కత్తులు, ఉంగరాల వివరణల్లో దాచింది. నాకు నచ్చిన పద్ధతే, కానీ అవి చదవకపోతే సగం కథ ఉన్నట్టే తెలియదు.