ఉప్పునీటి ట్యాంక్‌లో ఎర్రటి జిగురు పొర రోజూ తీసినా మళ్లీ వస్తోంది, మందు వేయాలా?

మీరు చెప్పినదాన్ని బట్టి ట్యాంక్ పెట్టి ఐదు నెలలైంది. ఇసుక మీద ముదురెరుపు పొర పరుచుకుంటోంది, రోజూ తీసేస్తున్నా మర్నాడు సాయంత్రానికల్లా మళ్లీ అల్లుకుంటోంది. నైట్రేట్ 0, ఫాస్ఫేట్ 0.15 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు). యాంటీబయాటిక్ పొడి వేసేయమని ఎవరో సలహా ఇచ్చారు. నా మాట అడిగితే ఇప్పుడే వేయకండి. ముందు ఆ నైట్రేట్ సున్నా సంగతి చూడాలి.

నైట్రేట్ సున్నా అనగానే నీళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయనుకుంటాం. ఈ పొర విషయంలో అది మంచి కబురు కాదు. ఇది నాచులా కనిపించినా నాచు కాదు, సయనోబాక్టీరియా. అసలు నాచుకీ, కోరల్స్‌కీ (పగడపు జీవులకీ) నైట్రోజన్ నీళ్లలో నుంచే దొరకాలి. వీటిలో కొన్ని జాతులు మాత్రం నీళ్లలో కరిగి ఉన్న నైట్రోజన్ వాయువునే పట్టుకుని వాడుకోగలవు. అంటే నైట్రేట్ అయిపోయి ఫాస్ఫేట్ మిగిలిన ట్యాంక్‌లో పోటీదారులు ఆకలితో ఆగిపోతాయి, ఇవి మాత్రం హాయిగా పెరుగుతాయి. మీ రెండు అంకెలూ సరిగ్గా అదే చెబుతున్నాయి. ఇంకో సంగతి, టెస్ట్ కిట్ చూపించేది నీళ్లలో మిగిలిందే. పొర ఇప్పటికే తాగేసింది అందులో కనపడదు.

నా ట్యాంక్‌లోనూ పొర బాగా ముదిరింది నైట్రేట్ సున్నాలో ఉన్నప్పుడే. చేపలు తక్కువ, స్కిమ్మర్ (నురగతో వ్యర్థాలను లాగేసే పరికరం) పెద్దది. సోడియం నైట్రేట్ ద్రావణం కొద్దికొద్దిగా కలుపుతూ నైట్రేట్‌ను 5 పీపీఎం దగ్గరికి తెచ్చి అక్కడ నిలబెట్టాను. లెక్క తేలికే: 100 లీటర్ల నీళ్లలో 1 గ్రాము కలిపితే నైట్రేట్ సుమారు 7 పీపీఎం పెరుగుతుంది. ఒకేసారి వద్దు, రోజుకు 1 పీపీఎం చాలు. రాళ్లూ ఇసుకా ఆక్రమించిన చోటు తీసేసి అసలు నీళ్లు ఎన్ని లీటర్లో చూసుకుని కలపండి. రోజూ కొలవండి. కొన్నాళ్లపాటు కలిపింది కలిపినట్టే మాయమవుతుంది, కంగారు పడకండి. నాకు తెలిసిన మొదటి మంచి గుర్తు ఇసుక మీద కనపడలేదు, గాజు మీద కనపడింది. అద్దానికి పల్చటి పచ్చపొడి పట్టడం మొదలైంది. మామూలు నాచుకి తిండి దొరుకుతోందని దాని అర్థం. ఆ తర్వాతే ఎర్రపొర అంచుల నుంచి చిరిగిపోతూ, మధ్యలో ఇసుక బయటపడుతూ వచ్చింది.

ఫాస్ఫేట్‌ని 0.03 నుంచి 0.1 మధ్యకు దించితే చాలు. ఐరన్ ఆక్సైడ్ మీడియా (ఫాస్ఫేట్‌ను పీల్చుకునే గుళికలు) కొంచెమే వేసి నెమ్మదిగా దించండి. ఒక్కసారిగా లాగేస్తే కోరల్స్ దెబ్బతింటాయి. సున్నాకి మాత్రం తీసుకెళ్లకండి. రెండూ సున్నా అయితే డైనోఫ్లాజెల్లేట్లు (డైనోలు అనే ఏకకణ జీవులు) వచ్చే ప్రమాదం ఉంది. వాటితో పోలిస్తే ఇప్పుడున్న తలనొప్పి చాలా చిన్నది.

అన్నట్టు, మీది సయనో అవునో కాదో ముందు తేల్చుకోండి. సయనో పొర పట్టుకు లాగితే తడిగుడ్డలా ఒక్క ముక్కగా లేచి వస్తుంది, వాసన ఘాటుగా ఉంటుంది. డైనోలు గోధుమరంగు జిగురు దారాల్లా వేలాడతాయి, దారాల కొసన బుడగలు ఉంటాయి, నత్తలు నీరసపడటం చచ్చిపోవటం కూడా జరగొచ్చు. అనుమానంగా ఉంటే కొంచెం జిగురు ట్యాంక్ నీళ్లతో సీసాలో వేసి గట్టిగా కుదిపి, టిష్యూ గుండా వడగట్టి, వడగట్టిన నీళ్లను వెలుతురులో గంటసేపు పెట్టండి. మళ్లీ ఒకచోట కూడి జిగురు దారాలు కడితే డైనోలే. మైక్రోస్కోప్ దొరికితే ఈ తంటా అక్కర్లేదు. నైట్రేట్ తగ్గించడానికి వెనిగరో వోడ్కానో డోస్ చేసేవాళ్లకు తెల్లటి జిగురు పడితే అది వేరే బాక్టీరియా, డోస్ తగ్గిస్తే సర్దుకుంటుంది.

పొర తీసేటప్పుడు చేత్తో కెలకకండి. తునకలు ప్రవాహంలో పడి కొత్త చోట అతుక్కుంటాయి. లైట్లు ఆరిపోయే ముందు గంటలో తీయడం నాకు బాగా పనికొచ్చింది. పగలంతా తయారైన ఆక్సిజన్ బుడగలు పొర కింద చిక్కుకుని దాన్ని ఇసుక నుంచి పైకి లేపి ఉంచుతాయి. పంపులు ఆపి, ఎయిర్‌లైన్ ట్యూబ్ లాంటి సన్నటి గొట్టాన్ని అంచుకు కాస్త పైన పట్టుకుంటే చాలు. అంచు వణికి, మడతపడి, వెనకున్నదాన్ని కూడా లాక్కుంటూ గొట్టంలోకి వెళ్లిపోతుంది, ఇసుక దాదాపు కదలదు. నీళ్లు ఎక్కువ పోతాయనుకుంటే ఫిల్టర్ సాక్ (వడపోత సంచి) గుండా వడగట్టి తిరిగి పోసుకోవచ్చు. కింద పేరుకున్న చెత్తను కూడా లాగేయండి. పొర కింద ఆక్సిజన్ తగ్గిన ఇసుకలో నుంచి ఫాస్ఫేట్ మళ్లీ విడుదలై దానికే తిండి అవుతుంది.

ప్రవాహం తక్కువున్న చోటే ఇది మొదలవుతుంది. మేత వేసినప్పుడు పలుకులు ఎక్కడ వాలి కదలకుండా ఉండిపోతున్నాయో చూడండి, మీ పొర అక్కడే ఉంటుంది. పవర్‌హెడ్‌ని (ట్యాంక్‌లో నీళ్లు కదిలించే పంపుని) అటు తిప్పండి. గంటకు ట్యాంక్ నీళ్లకు కనీసం 20 రెట్లు కదిలేలా చూసుకోవాలి, ఇసుక ఎగిరేంత మాత్రం వద్దు. ఫ్రోజెన్ మేత కరిగిన నీళ్లు పారబోసి మేత మాత్రమే వేయండి. ఆర్ఓ–డీఐ ఫిల్టర్‌తో శుద్ధి చేసిన నీళ్లలో టీడీఎస్ (కరిగిన పదార్థాల మొత్తం) 0 రాకపోతే కాట్రిడ్జ్ మార్చండి.

సయనోబాక్టీరియాను పూర్తిగా తుడిచిపెట్టాలని మాత్రం లక్ష్యం పెట్టుకోకండి. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట భూమి గాలిలోకి ఆక్సిజన్ నింపడం మొదలుపెట్టినవి ఇవే. ప్రతి ట్యాంక్‌లోనూ ఉంటాయి, పొర కట్టకుండా ఉంటే చాలు.

మూడు రోజులు లైట్లు ఆపితే పొర తగ్గుతుంది, కానీ కారణం అలాగే ఉంటే తిరిగి వస్తుంది. మందు ఆఖరి మార్గం. ఎరిత్రోమైసిన్ లాంటివి బాక్టీరియాను చంపేవి కాబట్టి మీ ఫిల్ట్రేషన్ బాక్టీరియాకూ ముప్పు ఉంటుంది. చచ్చిన పొర కుళ్లేటప్పుడు ఆక్సిజన్ పడిపోతుంది. తప్పదనుకుంటే ముందు రోజు పొరంతా సైఫన్ చేసేయండి, ఫిల్టర్‌లోని కార్బన్ తీసేయండి, యూవీ లైటు ఆపండి, ఎయిర్‌స్టోన్ రాత్రంతా నడవాలి. స్కిమ్మర్ పొంగుతుంది, కప్ తీసి నడపండి. ప్యాకెట్ మీది గడువు అయ్యాక 20 శాతం నీళ్లు మార్చి, అమ్మోనియా కొలవండి.

ఇంతకీ మీ రాళ్లు ఎండు రాళ్లా, లైవ్ రాకా (బాక్టీరియా, జీవులు బతికున్న రాళ్లా)? ఎండు రాళ్లయితే ఫాస్ఫేట్ వాటిలో నుంచే నెలల తరబడి వస్తూ ఉండొచ్చు. ఒక రాయిని ఫాస్ఫేట్ లేని కొత్త ఉప్పునీళ్ల బకెట్‌లో చిన్న పంపుతో రెండు రోజులు ఉంచి ఆ నీళ్లు కొలిచి చెప్పండి. మీడియా ఎంత వేయాలో అప్పుడు చూద్దాం.