అత్తమ్మ రొట్టె కాదు, థైరాయిడ్

మా ల్యాబ్రడార్ కుక్కకు ఏడేళ్లు, పెట్టేది అదే తిండి, అయినా ఏడాదిలో ఆరు కిలోలు పెరిగింది, వాకింగ్‌కు రమ్మంటే కదలదు, ఇది వయసేనా అని అడిగారు. వయసు ఒక్కటే అయితే కాదు. మా ల్యాబ్రడార్ రాజాగాడికీ ఇట్లాగే అయితే మేం ఆరు నెలలు వేస్ట్ చేశాం, అందులో మూడు నెలలు మా అత్తమ్మను అనుమానించడంలోనే పోయాయి.

మాది మిర్యాలగూడ. ఇంట్లో మిషన్ మీద వాడు నిలబడడు కాబట్టి మా ఆయన తెలిసినవాళ్ల రైస్ మిల్లుకు తీసుకుపోయి బస్తాలు తూచే కాంటా మీద నిలబెట్టాడు. హమాలీ ఒకాయన "సార్, ఇది సన్నమా దొడ్డా?" అని ఒకటే నవ్వు. 39 కిలోలు. రెండేళ్ల కింద 30 ఉండేవాడు.

అత్తమ్మ వెనక వాకిట్లో జొన్న రొట్టె ముక్క వేసే మాట నిజమే. దాని మీద పెద్ద గొడవ, ఆమె నాతో రెండు రోజులు మాట్లాడలేదు. రొట్టె బంద్, అన్నం గ్లాసుతో కొలిచి పెట్టుడు, బిస్కెట్లు బంద్. నెల తర్వాత మళ్లీ కాంటా ఎక్కిస్తే అర కిలో పెరిగాడు! ల్యాబ్ కాబట్టి తిండి మీద అనుమానం రావడం తప్పు కాదు. బ్రిటన్‌లో ల్యాబ్రడార్లను పరీక్షిస్తే దాదాపు నాలుగో వంతు వాటిలో ఆకలి ఎక్కువ చేసే జన్యు మార్పు కనిపించిందని 2016లో కేంబ్రిడ్జ్ వాళ్లు చెప్పారు. మీరు కూడా ముందు ఇంట్లో ఎవరెవరు ఏం వేస్తున్నారో ఒక వారం కాగితం మీద రాయండి. కానీ అక్కడే ఆగిపోకండి.

నాకు అసలు డౌట్ వచ్చింది ఎండ చూసి. శివరాత్రి దాటింది, మా దగ్గర ఎండలు మీకు తెలిసిందే, వీధి కుక్కలన్నీ మోరీ పక్కన తడి మట్టిలో పడుకుంటే వీడు డాబా మెట్ల మీద కాలిపోతున్న బండపై హాయిగా నిద్ర. తోక చూస్తే వెంట్రుకలు రాలి ఎలుక తోకలా ఉంది, బెల్టు కట్టే చోట మెడ నున్నగా అయింది, దురద మాత్రం లేదు.

అంతకుముందు ఒక డాక్టర్ చర్మం జబ్బు అని స్టెరాయిడ్ మాత్రలు రాశాడు. హైదరాబాద్‌లో చూపిస్తే అక్కడి మేడమ్ మొదట అడిగింది అదే. స్టెరాయిడ్ వాడుతుంటే థైరాయిడ్ రిపోర్టు తక్కువగా వస్తుందట, అందుకే అవి నెమ్మదిగా ఆపించి కొన్ని వారాలు ఆగి రక్తం తీశారు. టీ4 (థైరాయిడ్ గ్రంథి వదిలే హార్మోన్) తక్కువ, టీఎస్‌హెచ్ (ఆ గ్రంథిని పని చేయమని చెప్పే హార్మోన్) ఎక్కువ, కొలెస్ట్రాల్ ఎక్కువ. అంటే థైరాయిడ్ సరిగా పని చేయట్లేదు, బరువు, ఎండ కోసం పాకులాట, వెంట్రుకలు రాలడం అన్నీ దాని వల్లే. వేరే ఏ జబ్బు ఉన్నా టీ4 ఒక్కటి పడిపోవచ్చు, కాబట్టి ఒక్క టీ4 చూసి మందు మొదలుపెడతానంటే ఒప్పుకోకండి.

మందు లెవోథైరాక్సిన్, మనుషులకు ఇచ్చేదే. చీటీ చూసి మెడికల్ షాపు అబ్బాయి ఇవ్వనన్నాడు. మా అత్తమ్మ వేసుకునేది రోజుకు 50 మైక్రోగ్రాములు, వీడికి పూటకు 600, రోజుకు రెండు పూటలు! కుక్కల ఒంట్లోకి ఆ మందు తక్కువ ఎక్కుతుంది, తొందరగా బయటికి పోతుంది, అందుకే అంత డోసు. అట్లా అని మీ ఇంట్లో ఉన్న మాత్ర మీరే వేయకండి, ఎక్కువైతే గుండె దడ పుడుతుంది. రెండు వారాల్లో గేటు దగ్గరికి పరుగు మొదలైంది, బరువు దిగడానికి నాలుగు నెలలు, తోకకు వెంట్రుకలు ఇంకా లేటు.

మీ కుక్కకు పొట్ట ఒక్కటే ఉబ్బి, వెన్నెముక, తుంటి ఎముకలు తేలుతుంటే అది కొవ్వు కాకపోవచ్చు, నీరు చేరి ఉండొచ్చు, ఆలస్యం చేయొద్దు. ఆడదై ఆపరేషన్ చేయించకపోతే గర్భసంచి స్కాన్ కూడా అడగండి. నీళ్లు బాగా తాగి, ఉచ్చ ఎక్కువ పోసి, తిండికి ఎగబడి, ఊరికే రొప్పుతుంటే కుషింగ్స్ అనే వేరే హార్మోన్ జబ్బు కావచ్చు. నీళ్లు కొలిచి పెట్టండి, 30 కిలోల కుక్క రోజుకు మూడు లీటర్లు దాటితే ఎక్కువే. రక్తం ఇచ్చే ముందు రోజు రాత్రి తిండి పెట్టకండి, నీళ్లు పెట్టొచ్చు, లేకపోతే కొలెస్ట్రాల్ కోసం మళ్లీ పోవాల్సి వస్తుంది, మేం పోయాం.