యు0121 కోడ్ వస్తే ఏబీఎస్ మాడ్యూల్ మార్చాల్సిందేనా?

ప్రశ్న: కారులో ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) లైటు ఆరడం లేదు. స్కానర్‌లో యు0121 చూపిస్తోంది. చెరిపేసినా మళ్లీ వస్తోంది. మాడ్యూల్ పోయినట్టేనా?

జవాబు: అప్పుడే ఆ నిర్ణయానికి రాకండి. ఏబీఎస్ మాడ్యూల్ (ఆ వ్యవస్థను నడిపే చిన్న కంప్యూటరు) నుంచి సమాచారం అందడం లేదని మాత్రమే ఆ కోడ్ చెబుతుంది. స్కానర్‌తో మిగతా మాడ్యూళ్లను కూడా పలకరించి చూడండి. అవన్నీ పలికి ఇదొక్కటే పలకకపోతే ముందు దాని ఫ్యూజు, కరెంటు, ఎర్త్ చూడాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు: తుప్పుపట్టిన వైరులోనూ మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, లోడు పడగానే పడిపోతుంది. అందుకే ఆ వైరుకు బల్బు తగిలించి, వెలిగించి పరీక్షించండి. కనెక్టర్ విప్పి, పిన్నుల మీద పచ్చటి చిలుము, లోపలికి జారిన పిన్ను ఉన్నాయేమో టార్చి వేసి చూడండి.

ఏ మాడ్యూలూ పలకకపోతే క్యాన్ లైన్లను (మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే జంట వైర్లను) అనుమానించాలి. బ్యాటరీ నెగటివ్ తీసి, కొన్ని నిమిషాలు ఆగి, ఓబీడీ సాకెట్ (స్కానర్ తగిలించే చోటు) 6, 14 పిన్నుల మధ్య రెసిస్టెన్స్ కొలవండి. దాదాపు 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే లైను రెండు కొసల్లో ఉండే రెసిస్టర్లలో ఒకటి గానీ, దాని వైరు గానీ తెగినట్టు. సున్నాకు దగ్గరైతే రెండు వైర్లూ షార్టయ్యాయి. ఆ షార్టు ఎక్కడుందో తెలియడానికి మీటరు చూస్తూ మాడ్యూళ్లను ఒక్కొక్కటిగా ఊడదీయండి. గేట్‌వే (వేర్వేరు లైన్లను కలిపే మాడ్యూల్) ఉన్న కార్లలో ఈ కొలత అన్ని లైన్లకూ వర్తించదు, వైరింగ్ డయాగ్రం తప్పనిసరి.

60 వచ్చినంత మాత్రాన ప్రధాన లైను నుంచి చీలి మాడ్యూల్‌కి వెళ్లే పాయ వైరు బాగున్నట్టు కాదు. దాన్ని విడిగా చూడాలి. అతుకు వేస్తే రెండు వైర్ల మెలికను మునుపటిలాగే ఉంచండి.