కట్లెట్‌లో ఎముక

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. రైల్లో ముసలాయన కట్లెట్ సగం తిని, మిగతా సగం మనవరాలి కోసం కాగితంలో చుట్టుకునే చోట కాసేపు ఆగిపోయాను. వెంటనే నువ్వు మధ్యలో దూరి, కూరగాయలు ‘కట్’ చేసి వండుతారు కాబట్టి కట్లెట్ అని రాశావు. పంటి కింద రాయి పడ్డట్టయింది.

ఆ మాట కోయడం నుంచి పుట్టలేదమ్మా. ఫ్రెంచిలో కోత్ అంటే పక్కటెముక. కోత్‌లెత్ అంటే చిన్న పక్కటెముక, దాన్ని అంటిపెట్టుకున్న మాంసం. ఇంగ్లిషువాళ్ల చెవికి అందులో ‘కట్’ వినిపించింది, మాట అటు ఒరిగింది. నీ పొరపాటు వాళ్లు ఎప్పుడో చేసిందే. నేనూ ఒకసారి అచ్చులోనే చేశాను. ఒక పాఠకుడు పోస్టుకార్డు మీద నాలుగు వాక్యాల్లో కడిగేశాడు.

జర్మన్ల కోతెలెట్‌లో ఇప్పటికీ ఎముక ఉంటుంది. రష్యాలో ఆ పేరు కైమా అదిమి వేయించిన బిళ్లకు వచ్చింది. మన రైళ్లలో శాకాహారుల పళ్లెంలోకి చేరేసరికి మాంసం కూడా పోయి బంగాళాదుంప, బీట్‌రూట్, పైన రొట్టెపొడి మిగిలాయి. పేరు మాత్రం పక్కటెముకదే!

అసలు రుచి ఇంకా ఉంది. కోత్‌కు మూలం లాటిన్ ‘కోస్తా’. పక్కటెముక అన్న అర్థం పక్కకు, అక్కడి నుంచి సముద్రపు ఒడ్డుకు సాగింది. మన కోస్తా జిల్లాల కోస్తాకూ వేరు అదే. విశాఖ బీచ్ రోడ్డులో బండి మనిషి పెనం మీద కట్లెట్‌ను గరిటెతో చిదిమి, ఉడికిన బఠాణీలు కలిపి, ఉల్లిపాయ ముక్కలు చల్లి నిమ్మకాయ పిండుతుంటే, కోస్తాలో కోస్తానే వేగుతోందన్నమాట. ఈ సంగతి తెలిసిన రోజు రెండు ప్లేట్లు తిన్నాను. (సంస్కృత వటకం మన వడ అయిన కథ ఇంకో ఉత్తరంలో.)

అయితే ఇదేదీ నీ కథలో పెట్టకు. ముసలాయనకు లాటిన్‌తో పని లేదు. ఆ వాక్యం కొట్టేయి. ఆయన రాజమండ్రిలో దిగేసరికి పొట్లం చల్లారిపోయి, కాగితానికి నూనె పాకి, జేబు మీద ఎర్రటి మరక తేలి ఉంటుంది. నీ కాగితాల్లో ఆ మరక లేదు. చేర్చి పంపు.

ఆశీస్సులతో.