కెనడా సంబంధం: రిజిస్టర్ మ్యారేజీ ముందా, ముహూర్తం ముందా?

ప్రశ్న: మా అమ్మాయికి బ్రాంప్టన్‌లో పీఆర్ (శాశ్వత నివాస హోదా) ఉన్న అబ్బాయితో సంబంధం కుదిరింది. ముహూర్తం మాఘంలో. ఈలోగా అబ్బాయి నిశ్చితార్థానికి మూడు వారాలు వస్తున్నాడు. అప్పుడే రిజిస్టర్ మ్యారేజీ చేయించేస్తే భార్యను కెనడాకు పిలిపించుకునే స్పాన్సర్‌షిప్ ఫైలు ముందే వేసుకోవచ్చంటున్నారు. చేయించమంటారా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: వద్దు. చాలామంది చేస్తున్నదే, కానీ రెండు దేశాల్లోనూ చిక్కు తెచ్చే పని. హిందూ వివాహ చట్టం 8వ సెక్షన్ కింద రిజిస్ట్రార్ నమోదు చేసేది అప్పటికే జరిగిన పెళ్లిని. జరిగింది అనడానికి 7వ సెక్షన్ ప్రకారం మీ ఆచారం చొప్పున తంతు జరగాలి. తంతు లేకుండా తెచ్చుకున్న సర్టిఫికెట్‌తో పెళ్లయినట్టు కాదని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో తేల్చేసింది. అటు కెనడా ఆఫీసర్‌కు సర్టిఫికెట్‌లో ఒక తేదీ, శుభలేఖలో మరో తేదీ కనిపిస్తాయి. అనుమానం అక్కడే మొదలవుతుంది. ప్రత్యేక వివాహ చట్టానికి తంతు అక్కర్లేదు గానీ, నోటీసు ఇచ్చాక 30 రోజులు ఆగాలి. మూడు వారాల సెలవులో తెమలదు. నిశ్చితార్థం చూపించి తీసుకెళ్లే కేటగిరీ 2002 నుంచే లేదు. అబ్బాయి అక్కడ, అమ్మాయి ఇక్కడ ఉండి వీడియోలో చేసుకునే పెళ్లి 2015 జూన్ నుంచి స్పాన్సర్‌షిప్‌కు పనికిరాదు.

కాబట్టి మాఘంలోనే పెళ్లి చేయండి. అబ్బాయి తిరుగు టికెట్‌కు ముందు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు పనిచేసే రోజులు నాలుగైదు మిగిలేలా చూసుకోండి. శుభలేఖ, పెళ్లి ఫొటోలు, ఇద్దరి వయసు, అడ్రస్ ప్రూఫులు, ఆధార్‌తో ముగ్గురు సాక్షులు సిద్ధంగా ఉండాలి. అసలు తప్పులు దొర్లేది పేర్లలో. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. సర్టిఫికెట్ పాస్‌పోర్టు ప్రకారమే రావాలి. సంతకం పెట్టేముందు డ్రాఫ్టును ఒక్కో అక్షరం చూసుకోండి. అబ్బాయి విమానమెక్కాక దాన్ని దిద్దించడం పెద్ద తలనొప్పి. అమ్మాయి ఇంటిపేరు మార్చాలని కెనడా అడగదు; ఫైలు నడుస్తుండగా కొత్త పాస్‌పోర్టు జోలికి పోకపోవడమే మేలు.

స్పాన్సర్‌షిప్ ఫైలులో రుజువుగా ఫొటోలు 20కి మించి, ఇద్దరి చాట్ల పేజీలు 10కి మించి అడగరు. ఆ ఇరవైనీ స్టేజీ మీది ఫొటోలతోనే నింపేస్తారు మనవాళ్లు. పెళ్లిచూపుల నుంచి సత్యనారాయణ వ్రతం దాకా, రెండు వైపుల పెద్దలూ కనిపించేలా వేర్వేరు రోజులవి ఏరండి. చాట్లు కూడా నెలకు ఒకటి రెండు పేజీల చొప్పున తీయండి.

ప్రశ్న: మా అబ్బాయి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (నైపుణ్యం మీద కెనడా పీఆర్‌కు పెట్టుకునే దరఖాస్తు) సింగిల్ అని రాశాడు. పీఆర్ రాకముందే రిజిస్టర్ మ్యారేజీ అయింది. ముహూర్తం తర్వాత పెట్టుకున్నాం కదా అని చెప్పలేదు. ఇప్పుడు కోడల్ని స్పాన్సర్ చేయొచ్చా?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: ఇది చాలా గట్టి చిక్కు. పీఆర్ అయ్యేనాటికి ఉన్న భార్య గురించి చెప్పక, ఆమెకు మెడికల్ వంటి పరీక్షలు జరగకపోతే, ఫ్యామిలీ క్లాసులో (కుటుంబ సభ్యులను పిలిపించుకునే కేటగిరీ) ఆమెను ఇక స్పాన్సర్ చేయడానికి లేదు. కెనడా ఇమిగ్రేషన్ నిబంధనల్లో దీన్ని 117(9)(డి) అంటారు. 2019లో తెచ్చిన సడలింపు శరణార్థులు, స్పాన్సర్‌షిప్ మీద వచ్చినవారు లాంటి కొందరికే; ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ వాళ్లకు వర్తించదు. తంతు జరగలేదు గనుక అది పెళ్లే కాదని వాదించవచ్చు, కానీ సర్టిఫికెట్ ఎదురుగా ఉండగా ఒప్పించడం కష్టం. పైగా సమాచారం దాచారని తేలితే అబ్బాయి పీఆర్‌కే ముప్పు. మానవతా కారణాల మీద అర్జీ పెట్టుకునే దారి ఒకటుంది. ఫారం ముట్టుకోకముందే కెనడాలో లైసెన్సున్న ఇమిగ్రేషన్ లాయర్‌కు రిజిస్ట్రేషన్ తేదీ, ముహూర్తం తేదీ రెండూ చూపించండి. ఇక్కడి ఏజెంటు ‘తేదీ సర్దేద్దాం’ అంటే లేచి వచ్చేయండి.

ప్రశ్న: స్పాన్సర్ చేయడానికి జీతం ఎంత ఉండాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: భార్య ఒక్కరికే అయితే కనీస ఆదాయం నిబంధన లేదు. వైకల్యం కారణంగా కాక వేరే కారణంతో సోషల్ అసిస్టెన్స్ (ప్రభుత్వ సంక్షేమ సాయం) మీద అబ్బాయి బతుకుతుంటే మాత్రం కుదరదు. పీఆర్ మాత్రమే ఉన్నవాళ్లు కెనడాలోనే నివసిస్తుండాలి. పెళ్లికని వచ్చి ఇక్కడే ఉండిపోతే ఫైలు పోతుంది. భార్య పీఆర్ అయిన రోజు నుంచి మూడేళ్లు ఆమె పోషణకు హామీ ఉంటారు. మధ్యలో విడాకులైనా ఆ హామీ రద్దు కాదు. క్యూబెక్‌లో నిబంధనలు వేరు.