పానాలు నాన్నవే, మరి ఆ వరస ఎవరిది?

ప్రశ్న: మా బాబుకి రెండున్నరేళ్లు. మావారిది బైక్ మెకానిక్ షెడ్డు, ఇంటిని ఆనుకునే ఉంటుంది. వాడికి బొమ్మలు అక్కర్లేదు, ఆయన పానాలే కావాలి. తన మూడు చక్రాల సైకిల్ తిరగేసి, ఆయనలాగే గొంతుక్కూర్చుని బిగిస్తుంటాడు. అయిపోయాక ఒక్కో పానా గుడ్డతో తుడిచి, పెద్దదాని పక్కన చిన్నది పేర్చి పెడతాడు. టీవీ రిమోట్ చెవి దగ్గర పెట్టుకుని 'ఎన్నిసార్లు చెప్పాల్రా నీకు' అని, ఆయన షెడ్డు కుర్రాళ్ల మీద అరిచినట్టే అరుస్తాడు. మా అత్తగారు పడీపడీ నవ్వుతారు. నేను చార్టు తెచ్చి ఏబీసీడీలు చెబుదామంటే పారిపోతాడు. రోజంతా వాడి పనులు చేసేది నేను, వాడికి మాత్రం నాన్నే. చదువబ్బదేమోనని భయంగా ఉంది, కొంచెం బాధ కూడా.
– ఒక తల్లి, తెనాలి

జవాబు: బాధకి ముందు 'కొంచెం' అని తగిలించారు గానీ ఉత్తరమంతా అదే ఉందండీ, అందుకని ముందు దాని సంగతే చూద్దాం.

పానాలు తుడిచి పేర్చడం గురించి మీరు రాసిన వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. నేను చూసిన షెడ్డుల్లో పని జరుగుతున్నంతసేపూ పానాలు ఎక్కడివక్కడే పడుంటాయి, సాయంత్రం అన్నీ కలిపి డబ్బాలో గలగలమని పోసేస్తారు. మీవారు తుడిచి పేర్చుకునే మనిషైతే నా మాట వెనక్కి తీసుకుంటాను. కాకపోతే మాత్రం, ఈ రాత్రి గిన్నెలు కడిగాక గరిటెలూ స్పూన్లూ ఎలా తుడుస్తారో, ఏ వరసలో పెడతారో మీ చేతుల్ని మీరే ఓసారి చూసుకోండి. పిల్లలు మనల్ని అనుకరించేటప్పుడు మనకే కనిపించదు, ఎందుకంటే మనకి అది మామూలు పని. ఆయన అరుపు వాడి నోట వస్తే ఇంటిల్లిపాదీ తిరిగి చూస్తారు, అదే వాడు బొమ్మకి దుప్పటి కప్పి జోకొడితే 'ఏదో ఆడుకుంటున్నాడులే' అని వదిలేస్తాం. అది ఎవరి దగ్గర నేర్చాడని ఎవరూ అడగరు.

ఇక ఆ అరుపు. జీన్ పియాజే అనే స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త తన కూతురికి 16 నెలలప్పుడు జరిగింది రాసి పెట్టాడు. వాళ్లింటికొచ్చిన ఓ ఏడాదిన్నర పిల్లాడు ఆటకంచెలోంచి (పసిపిల్లల్ని ఆడుకోమని ఉంచే చిన్న కంచె) బయటపడాలని గీపెట్టి కాళ్లు నేలకేసి కొట్టాడట, ఈ పిల్ల అలాంటిది ఎప్పుడూ చూడలేదు కాబట్టి నోరెళ్లబెట్టి చూసింది. అప్పటికి ఏమీ చేయలేదు. మర్నాడు తన కంచెలో నిలబడి సరిగ్గా అలాగే అరిచి కాళ్లు తపతపలాడించింది. కాబట్టి 'నేను అరిచినప్పుడు వాడు పట్టించుకోలేదులే' అని మీవారు అంటే నమ్మకండి, దాచుకుని రేపు తీస్తాడు. మార్చుకోవాల్సింది ఆయన గొంతు. వాణ్ని తిట్టి ప్రయోజనం లేదు, పైగా తిట్టడం కూడా నేర్చుకుంటాడు.

అత్తగారు నవ్వడం వాడికి చప్పట్లతో సమానం, నవ్వినన్నాళ్లూ మానడు. ఆ మాట మీరు చెబితే గొడవవుతుందనిపిస్తే ఆయన చేతే చెప్పించండి. మీరు మాత్రం వాడు రిమోట్ ఎత్తగానే ఇంకోటి చెవి దగ్గర పెట్టుకుని 'హలో, ఎవరండీ? అన్నం తిన్నారా?' అని అడగండి. రెండు మూడు రోజుల్లో ఫోనంటే అరవడమే కాదని వాడికి తెలుస్తుంది.

చదువు భయం మీకు ఇప్పుడే అక్కర్లేదు. పెద్దదీ చిన్నదీ చూసి వరసలో పెట్టడం లెక్కల్లో మొదటి మెట్టే, అది ఎవరూ చెప్పకుండానే చేస్తున్నాడు. వాడు పారిపోతున్నది చార్టు నుంచి, మీ నుంచి కాదు. ఇంకో మాట, ఏమీ అనుకోకండి. ఉత్తరంలో వాడికి ఏం ఇష్టమో ఉంది, మీవారు ఏం చేస్తారో ఉంది, మీకు ఏం ఇష్టమో ఒక్క ముక్క లేదు. ఆయన బండి విప్పుతుంటే వాడి కళ్లకి ఆ పనిలో మునిగిపోయిన మనిషి కనిపిస్తాడు, మీ దగ్గర తినిపించే చెయ్యి, కడిగే చెయ్యి కనిపిస్తుంది. ముగ్గో, కుట్టో, పత్రిక చదవడమో, మీకు నచ్చిందేదో రోజూ ఓ ఇరవై నిమిషాలు వాడి ముందు కూర్చుని చేయండి. నేర్పకండి, పిలవకండి, మీ మానాన మీరు చేసుకోండి. ముగ్గుపిండిలో చెయ్యి పెడితే పెట్టనివ్వండి.

ఇంకో పని మాత్రం రేపటికి వాయిదా వేయకండి. షెడ్డులో చిన్న నట్లు, బేరింగ్ గుండ్లు వాడికి అందకూడదు, నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డం పడతాయి. పెట్రోలు నీళ్ల సీసాలో పోసి ఉంచే అలవాటుంటే ఇవాళే మాన్పించండి. నాన్న తాగే సీసా లాగే ఉంటుంది కాబట్టి వాడూ ఎత్తుతాడు. పొరపాటున తాగితే వాంతి చేయించకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పానాలు మొత్తానికి లాక్కోకుండా, నోట్లో పట్టని పెద్దవి రెండు మూడు గ్రీజు పోయేలా కడిగి వాడికే ఇచ్చేయండి.

మీవారు పానాలు ఎలా సర్దుతారో మాత్రం నాకు తప్పకుండా రాయండి.